అడుగు ఆగినప్పుడు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన సంఘం వాళ్ళు నెల కింద ఫోన్ చేసి, "నువ్వు ఇంజనీరువు కదా, ఏదన్నా టెక్నాలజీ గురించి ఒక పావుగంట మాట్లాడు" అన్నారు. కంప్యూటర్ల గురించో, కృత్రిమ మేధ గురించో చెప్తానని అనుకొని ఉంటారు. నేను మాత్రం చేతికర్ర గురించి మాట్లాడదామని వచ్చాను. ఎందుకో ముందు చెప్తాను.

ఆహ్వాన పత్రిక ఇవ్వడానికి మనకు లెక్కలు చెప్పిన ఒక సారు ఇంటికి పోయినం. ఆయన పేరు ఇక్కడ చెప్పను, చెప్పొద్దన్నారు. పత్రిక తీసుకొని, రెండుసార్లు చదువుకొని, "నేను రానురా" అన్నారు. ఆరోగ్యం బాగాలేదా సార్ అంటే, "బాగానే ఉన్న. దర్వాజ కాడ ఆగిపోతున్న. ఎనకాల పదిమంది నిలవడితే ఇగ అస్సలు కాలు లేవది. మీ అందరి ముంగట అట్ల నిలవడుడు నాకు ఇష్టం లేదు" అన్నారు. నాతో వచ్చిన మిత్రుడికి ఆ మాట అర్థం కాలేదు. నాకు వెంటనే అర్థమైంది. ఎందుకంటే మా బాపు ఆరేళ్ళు అట్లనే ఆగిపోయిండు. ఆ ఆరేళ్ళలో మొదటి రెండేళ్ళు మేమెవరం ఆయనను నమ్మలేదు.

మా బాపు జమ్మికుంట పత్తి మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో లెక్కలు రాసేవాడు. ముత్యాల లాంటి దస్తూరి. పని మానేసిన కొన్నాళ్ళకు ఇంట్లో పాలవాడి లెక్క రాస్తుంటే, పంక్తి మొదట్లో మామూలుగా ఉన్న అంకెలు చివరికొచ్చేసరికి చీమలంత అయ్యేవి. కళ్ళజోడు మార్చాలనుకున్నం. తర్వాత కుడిచెయ్యి వణకడం మొదలైంది, నడకలో ఆ చెయ్యి ఊగడం మానేసింది. అప్పుడు హైదరాబాద్‌లో నరాల డాక్టరుకు చూపిస్తే పార్కిన్సన్స్ వ్యాధి అన్నారు. అక్షరాలు చిన్నగా కావడం దాని తొలి గుర్తుల్లో ఒకటని ఆరోజే తెలిసింది. మీ ఇంట్లో పెద్దల దస్తూరి అట్ల మారితే కళ్ళజోడుతో సరిపెట్టకండి.

ఈ జబ్బును లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లో వివరంగా రాసిండు. ఆరుగురిని మాత్రమే చూసి రాసిన చిన్న పుస్తకం అది. అందులో కొందరిని వీధిలో నడుస్తుండగా గమనించిండంతే. మన ఆయుర్వేదంలో దీన్ని పోలిన జబ్బుకు కంపవాతమని పేరు ఉంది. మెదడు లోపల నల్లపదార్థమనే చోట డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు మెల్లమెల్లగా చనిపోవడం దీనికి మూలం. 1950ల చివర్లో డోపమిన్ పాత్రను స్వీడన్ శాస్త్రవేత్త ఆర్విద్ కార్ల్‌సన్ బయటపెట్టిండు. అందుకే ఆయనకు 2000లో నోబెల్ బహుమతి వచ్చింది. మెదడులో డోపమిన్‌గా మారే లెవోడోపా మందు 1960ల చివరి నుంచి పెద్ద ఎత్తున వాడకంలోకి వచ్చింది. ఇప్పటికీ అదే ముఖ్యమైన మందు. మన చేన్ల గట్ల మీద పాకే దూలగొండి తీగ మీకందరికీ తెలుసు. చిన్నప్పుడు ఆ నూగు అంటుకొని గోక్కోనివాళ్ళు ఇక్కడ ఉండరు. ఆ గింజల్లో లెవోడోపా ఉందని 1937లోనే మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దాన్ని వేరుచేసి చూపించినరు. ఆ మాట విని ఎవరూ గింజలు దంచుకొని తాగకండి. మోతాదు తెలియని మందు మందు కాదు. హైదరాబాద్ నిమ్స్‌లో ఈ జబ్బు మీద పెద్ద పని జరిగింది. అప్పుడు అక్కడ ఆచార్యులుగా ఉన్న డాక్టర్ రూపం బోర్గొహెయిన్ ముందుండి నడిపిన సాఫినమైడ్ మందు పరీక్ష ఫలితాలు 2014లో వచ్చాయి. 2017లో ఆ మందుకు అమెరికా అనుమతి దొరికింది.

మందు వల్ల వణుకు తగ్గింది, బిగుసుకున్న చేతులు సడలినయి. కొన్నేళ్ళకు ఇంకొకటి మొదలైంది. బాపు లేచి నాలుగడుగులు వేసి, అర్రలోకి పోయే దర్వాజ ముందు టక్కున ఆగిపోయేవాడు. పైమనిషి ముందుకు వంగుతుంది, మడమలు లేస్తాయి, కాళ్ళు అక్కడే వణుకుతాయి, అడుగు మాత్రం పడదు. "కాళ్ళకు బంక పెట్టినట్లయితుంది బిడ్డా" అనేవాడు. దీన్ని డాక్టర్లు ఫ్రీజింగ్ అంటారు, అంటే నడక గడ్డకట్టడం. ఇరుకు దర్వాజల దగ్గర, పక్కకు తిరిగేటప్పుడు, కూర్చొని లేచి మొదటి అడుగు వేసేటప్పుడు, ఎవరైనా తొందర పెట్టినప్పుడు, నడుస్తూ ఇంకో పని చేసేటప్పుడు ఇది ఎక్కువ. సాధారణంగా కొన్ని సెకన్లే ఉంటుంది. కాని పడిపోవడానికి ఆ కొన్ని సెకన్లు చాలు.

ఇప్పుడు మా తప్పు చెప్తాను. దర్వాజ ముందు కదలని మనిషి మిద్దె మెట్లు మాత్రం ఆగకుండా ఎక్కేవాడు. పైన ఒడియాలు ఎండబెట్టినం, కోతి వచ్చిందంటే చకచకా పోయేవాడు. కింద చదునైన గచ్చు మీద నడవనివాడు మెట్లెట్ల ఎక్కుతడు? ఇంట్లో అందరం ఒకటే మాట: నకరాలు చేస్తున్నడని. నేను సెలవుకు వచ్చినప్పుడు నా నోటితోనే, "బాపూ, మెట్లెక్కినోనివి ఇది దాటలేవా, నకరాలు గాకపోతే" అన్న. ఆయన నా ముఖం దిక్కు చూసి తల దించుకున్నడు. ఏమీ అనలేదు. ఆ చూపు నాకిప్పటికీ యాదికొస్తది. యంత్రం ఒకచోట ఆగి ఇంకోచోట నడిస్తే, యంత్రం అబద్ధమాడుతున్నదని ఏ ఇంజనీరూ అనడు. లోపం ఎక్కడుందో వెతుకుతాడు. మా బాపు విషయంలో నేను ఆ పని చేయలేదు.

తర్వాత చదివితే తెలిసింది, ఆ మెట్ల సంగతే ఈ జబ్బుకు పెద్ద ఆధారమని. నెదర్లాండ్స్ వైద్యులు 2010లో ఒక ప్రసిద్ధ వైద్య పత్రికలో ఒక 58 ఏళ్ళ మనిషి వీడియోను ప్రచురించినరు. ఆయన రెండడుగులు కూడా సరిగ్గా వేయలేడు, ఆగిపోయి పడబోతాడు. అదే మనిషిని సైకిలెక్కిస్తే హాయిగా తొక్కుకుంటూ పోయి, మలుపు తిప్పుకొని వచ్చాడు. దిగగానే మళ్ళీ అడుగు పడలేదు. ప్రపంచమంతా ఆశ్చర్యపోయింది.

దీనికి డాక్టర్లు చెప్పే వివరణను నా భాషలో చెప్తాను. మనం నడిచేటప్పుడు ఏ కాలు ఎప్పుడు ఎత్తాలని ఆలోచించం. అది ఆటోమేటిక్. ఆ ఆటోమేటిక్ పనిని నడిపే భాగమే పార్కిన్సన్స్‌లో దెబ్బతింటుంది. కళ్ళతో గురి చూసి, "ఇక్కడ కాలు పెట్టాలి" అని కావాలని వేసే అడుగు ఇంకో దారిలో వస్తుంది. ఆ దారి చాలావరకు బాగానే ఉంటుంది. మెట్టు ప్రతి అడుగుకూ ఒక గురి ఇస్తుంది. సైకిల్ పెడలు ఒక కాలు కిందికి పోగానే రెండో కాలును పైకి తెస్తుంది. నున్నటి గచ్చు ఏ గురీ ఇవ్వదు. అంటే ఆటోమేటిక్ చెడిపోతే చేతితో నడిపే మార్గం ఇంకా మిగిలి ఉంది. కావలసిందల్లా కాలికి ఒక గురి, లేదా చెవికి ఒక తాళం.

ఈ సంగతిని పరీక్షించి రాసినవాళ్ళలో ముందువాడు బ్రిటిష్ వైద్యుడు పర్డన్ మార్టిన్. నేల మీద అడుగుకొకటి చొప్పున అడ్డగీతలు గీస్తే ఇలాంటి రోగులు వాటిని దాటుకుంటూ నడుస్తారని 1967లో రాసిండు. గీతలు నడకకు అడ్డంగా ఉండాలి. పొడుగ్గా, నడిచే దిక్కుకు గీస్తే పనిచేయవు. మన దేశంలో పుణెకు చెందిన డిజైనర్ మిలేహా సోనేజీ ఇదే దారిలో వెళ్ళింది. వాళ్ళ బాబాయికి పార్కిన్సన్స్. ఆయన కూడా చదును నేల మీద ఆగిపోయి మెట్లు మాత్రం దిగేవాడు. ఆమె ఆయనను తిట్టలేదు, గమనించింది. చదును నేల మీద మెట్లలాగా కనిపించే బొమ్మ పరిచింది. ఆయన దాని మీద ఆగకుండా నడిచిండు, అది అయిపోగానే ఆగిపోయిండు. ఆమె 2015లో ఈ సంగతిని ఒక సభలో చెప్తే ప్రపంచమంతా విన్నది. నేనూ అట్లనే విన్నాను. ఇంజనీరును నేను, గమనించింది ఆమె.

ఇక నడక సాధనాలు. ఇక్కడ కూడా ముందు నా తప్పే. బాపు పడుతున్నడని నాలుగు చక్రాల వాకర్ కొనుక్కొచ్చిన. మెరిసే చక్రాలు, సైకిల్ లాంటి చేతి బ్రేకులు. వారం తిరగకముందే, దర్వాజ ముందు బాపు కాళ్ళు ఆగినయి, వాకర్ ఆగలేదు. అది ముందుకు పోయింది, ఆయన దాని వెంట పడ్డడు. మణికట్టు ఎముక విరిగింది. తప్పు వాకర్‌ది కాదు, ఎంచిన నాది. మామూలు వాకర్‌లో పిడి నొక్కితే ఆగుతుంది. కాళ్ళు గడ్డకట్టిన క్షణంలో ఆ మనిషి చెయ్యి నొక్కగలదా అని నేను ఆలోచించలేదు.

మన స్టేషన్ మీదుగా పోయే రైళ్ళను చూడండి. రైలు బ్రేకు గొట్టంలో గాలి నిండుగా ఉన్నంతసేపే చక్రాలు విడుదలై ఉంటాయి. గొట్టం తెగి గాలి పోతే బ్రేకులు వాటంతటవే పడతాయి. మనిషి ఏమీ చేయలేని స్థితిలో బండి ఆగాలనేది ఆ సూత్రం. పార్కిన్సన్స్ వాళ్ళ కోసం చేసిన మంచి వాకర్లలో ఇదే పద్ధతి. పిడి నొక్కితేనే కదులుతుంది, వదిలితే ఆగుతుంది. అమెరికాలో తయారయ్యే యు-స్టెప్ వాకర్ అటువంటిదే. దానికి నేల మీద ఎర్రగీత వేసే లేజర్ కూడా పెట్టుకోవచ్చు. చక్రాలు లేని, ఎత్తి ముందుకు పెట్టుకునే వాకర్ భద్రమని చాలామంది అనుకుంటారు. అది కూడా అందరికీ పనికిరాదు. ప్రతి అడుగుకూ ఎత్తి పెట్టడంలో నడక తెగిపోయి, కొందరిలో గడ్డకట్టడం ఎక్కువవుతుందని పరీక్షల్లో తేలింది. అందుకని ఫిజియోథెరపిస్టు ముందు నడిచి చూడకుండా ఏ వాకరూ కొనొద్దు.

లేజర్ చేతికర్రలూ ఉన్నాయి. కర్ర నేలకు ఆనగానే ముందర ఒక గీత పడుతుంది, దాన్ని దాటుతూ నడవాలి. నెదర్లాండ్స్‌లో ట్వెంటె, రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయాల వాళ్ళు బూట్లకే లేజర్ పెట్టినరు. నేలమీద ఆనిన బూటు, రెండో కాలు ఎక్కడ పెట్టాలో గీత వేస్తుంది. 21 మంది మీద చేసిన పరీక్షలో, మందు ప్రభావం లేని సమయంలో ఆగిపోవడాలు సుమారు 46 శాతం తగ్గినయి. ఖర్చు లేనిది కూడా ఒకటి ఉంది. వంకీ కర్రను తలకిందులు చేసి పట్టుకుంటే, వంకీ నేల దగ్గర కాలికి అడ్డంగా వస్తుంది, దాన్ని దాటుతూ అడుగు వేయవచ్చు. 1987లోనే వైద్యులు దీని గురించి రాసినరు. కాకపోతే కాలు తట్టుకునే ప్రమాదం ఉంది, పక్కన మనిషి లేకుండా ప్రయత్నించకూడదు.

మా ఇంట్లో ఏం చేసినమో చెప్తాను. అర్ర దర్వాజకు ముందు నాలుగు, దాటినాక నాలుగు, బాత్రూం దారిలో ఆరు గీతలు పసుపు రంగు టేపుతో వేసిన. డాక్టరు పంపిన ఫిజియోథెరపిస్టు కొలిచి, బాపుకు గీతకూ గీతకూ 40 సెంటీమీటర్లు సరిపోతుందన్నది. ఎవరి అడుగును బట్టి వాళ్ళకు కొలవాలి. మొదటి రోజు బాపు గీతల ముందు నిలబడి, ఒక్కొక్కటి దాటుకుంటూ దర్వాజ అవతలికి పోయి, వెనక్కి తిరిగి మా అందరినీ చూసిండు. "ఇప్పుడు నమ్ముతరా" అన్నడు. అంతే.

ఇక నా ఇంజనీరు బుద్ధి ఊరుకోదు కదా. గోడలకు లెవెల్ చూసే తక్కువ శక్తి గీత లేజర్‌ను వాకర్‌కు బిగించిన. ఇంట్లో బ్రహ్మాండంగా పనిచేసింది. వాకిట్లోకి రాగానే ఎండలో గీత కనబడలేదు. నేను ఇంకా ఎక్కువ శక్తి లేజర్ పెడదామని లెక్కలు వేస్తుంటే, మా అమ్మ "అది కండ్లల్ల పడితే ఎట్ల" అని, పొద్దున ముగ్గు పెట్టేటప్పుడు పిండితో గేటు దాకా అడ్డగీతలు పెట్టింది. బాపు ఆ గీతల మీదుగా గేటు దాకా పోయి, పేపరు తెచ్చుకున్నడు. ఆనాటి నుంచి ఆమె రోజూ ముగ్గుతో పాటు ఆ గీతలు పెట్టింది. వానాకాలం వస్తే సున్నం. నా లేజర్ బీరువాలోకి పోయింది.

చెవి సంగతి కూడా ఈ బడికి సంబంధించిందే. పంద్రాగస్టు ముందు ఈ మైదానంలో మనతో మార్చ్‌పాస్ట్ చేయించిన డ్రిల్లు సారు యాదికున్నరా? విజిల్ మీద లెఫ్ట్, రైట్. ఎవడి అడుగు తప్పినా మళ్ళీ మొదటి నుంచి. తాళం మీద అడుగు వేస్తే గడ్డకట్టడం తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. దానికి సెకనుకింత అని టిక్కు టిక్కుమనే మెట్రోనోము వాడతారు. ఇప్పుడది ఫోన్లో ఉచితంగా దొరుకుతుంది. బాపుకు ఫోన్ శబ్దం నచ్చలేదు. నేను పక్కన నిలబడి లెఫ్ట్, రైట్ అంటే నడిచిండు. నేను లేనప్పుడు అమ్మ బతుకమ్మ ఆటలో కొట్టినట్లు చప్పట్లు కొట్టేది. దానికీ నడిచిండు.

అన్నీ బాగయ్యాయని చెప్తే అబద్ధమవుతుంది. గీతలు జబ్బును నయం చేయవు. కొందరికి పనిచేస్తాయి, కొందరికి చేయవు. పనిచేసినవాళ్ళకు కూడా అలవాటు పడిన కొద్దీ బలం తగ్గవచ్చు. మందు వేళ తప్పితే ఏ గీతా ఆపలేదు. అలసటగా ఉన్న రోజు బాపు గీతల ముందు కూడా ఆగిండు. చివరి ఏడాది చక్రాల కుర్చీ తప్పలేదు. కాని మధ్యలో మూడేళ్ళు తన ఇంట్లో తన కాళ్ళ మీద బాత్రూంకు పోయిండు, గేటు దాకా పోయి పేపరు తెచ్చుకున్నడు. ఆ వయసు మనిషికి అది చిన్న సంగతి కాదు. ఆ గీతలు రెండేళ్ళు ముందు పడి ఉంటే ఐదేళ్ళు అయ్యేవి. ఆ రెండేళ్ళు నా లెక్కలో ఉన్నాయి.

ఇంటికి పోయి గుర్తుపెట్టుకోవడానికి నాలుగు మాటలు చెప్తాను.

ఒకటి, ఆగిపోయిన మనిషిని చెయ్యి పట్టి గుంజవద్దు, వెనక నుంచి నెట్టవద్దు. కాళ్ళు అక్కడే ఉంటాయి, మనిషి పడతాడు.

రెండు, "తొందరగా" అనే మాట అనవద్దు. పూర్తిగా ఆగి, ఊపిరి తీసుకొని, నిటారుగా నిలబడి, బరువును ఒక కాలు మీది నుంచి ఇంకో కాలు మీదికి రెండుమూడు సార్లు మార్చి, తర్వాత ఒక పెద్ద అడుగు వేయమనండి. కావాలంటే మీ పాదం వాళ్ళ కాలి ముందు అడ్డంగా పెట్టి "ఇది దాటు" అనండి. దాటడం మొదలుపెట్టగానే మీ పాదం తీసేయండి.

మూడు, ఉన్నచోట గిరుక్కున తిరగనివ్వవద్దు. ఎడ్లబండి మలుపు తిరిగినట్లు వెడల్పుగా తిరగాలి. నడుస్తుంటే మాట్లాడించవద్దు, చేతిలో చాయ్ గ్లాసు పెట్టవద్దు. దారిలో చిన్న చాపలు, వైర్లు తీసేయండి.

నాలుగు, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో గుర్తించిన 21 వైకల్యాల్లో పార్కిన్సన్స్ ఉంది. ధ్రువపత్రానికి దరఖాస్తు చేయడానికి సిగ్గుపడవద్దు. పేద వృద్ధులకు కర్రలు, వాకర్లు ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017లో మన పక్క రాష్ట్రంలోని నెల్లూరులోనే మొదలైంది. అడగండి. కాని ఇచ్చిన సాధనం ఆ మనిషికి సరిపోతుందో లేదో చూపించుకొని వాడండి.

చివరిగా మన సంఘానికి ఒక మనవి. స్వర్ణోత్సవ నిధి నుంచి ఏమి కట్టాలని చర్చ జరుగుతున్నది. ఆర్చి కట్టాలని కొందరు, స్టేజీ బాగుచేయాలని కొందరు అన్నారు. ఏది చేసినా సరే, ముందుగా ఈ హాలు దర్వాజకు రెండు వైపులా, స్టేజీ పక్క దారిలో, బాత్రూం దారిలో అడ్డగీతలు వేద్దాం. రెండు డబ్బాల రంగు చాలు, కొలతలు నేను పెడతాను. మామూలువాళ్ళకు వాటివల్ల ఇబ్బంది లేదు, పిల్లలు తొక్కుబిళ్ళ ఆడుకుంటారు.

లెక్కల సారుకు నేను ఒక మాట ఇచ్చి వచ్చిన. వచ్చే ఏడు గురుపూజ నాడు ఆయనను తీసుకురావడానికి నేనే పోతానని, దర్వాజ దగ్గర ఆయన ఆగితే మనం అందరం ఆగుతామని. బోర్డు మీద లెక్క రాక మనం నిలబడిపోయినప్పుడు ఆ సారు ఎన్నిసార్లు మన కోసం ఆగలేదు! "కూర్చో" అనలేదు, "ఆలోచించి చెయ్యి, నేనున్న" అన్నారు. అంత ఓపిక ఆయనకు తిరిగి ఇవ్వడం మనకు కష్టం కాదు.